మా ఇంట్లో చేపలు తెలిసినవారు

బొంబాయిలో మేముండే చాల్లో, ఆ వరస ఇళ్ల పాత మేడలో, ఎవరు చేప కొన్నా, అది పొయ్యి ఎక్కేముందు మా నాయిన చేతిలోకి రావాల్సిందే. ఆయన పొద్దున్నే ఇళ్ల ముందు పొడుగునా ఉండే గ్యాలరీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సంచీలోంచి చేపను తీసి, మొప్ప ఎత్తి చూసి, బొటనవేలితో పొట్ట నొక్కి, దాని కళ్లలోకి తేరిపార చూసి, ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆయన గొప్పతనమంతా ఆ నిమిషంలోనే ఉండేది. చేప కొన్నావిడ కొంగు నలుపుకుంటూ నిలబడేది. "నిన్నటిది" అని ఆయన తేల్చేస్తే ఆమె మళ్లీ ఫాక్‌లాండ్ రోడ్డు దాటి బజారుకు పోయి, అమ్మిన కోలీ ఆవిడతో, అంటే ఇక్కడి సముద్రపు జాలరి కులం ఆవిడతో, జగడం పెట్టుకునేది. "మంచిదే, తీస్కపో" అంటే ఆ పూట వాళ్లింట్లో అందరికీ ఆకలి పెరిగేది.

ఈ అధికారం ఆయనకు ఎవరిచ్చారంటే పుట్టుకే ఇచ్చింది. మేం బెస్తవాళ్లం. మహబూబ్‌నగర్ వైపు చెరువుల్లోనూ కృష్ణలోనూ చేపలు పట్టి బతికిన కులం. "మన రక్తంలనే ఉన్నదిరా" అనేవాడు నాయిన, చేతులు కడుక్కుంటూ. రక్తంలో ఉంటే ఉండొచ్చు గానీ చేతిలో మాత్రం ఎన్నడూ లేదు. ఆయన మా పేట కామాటిపురలోనే పుట్టాడు. ఆయన తండ్రి ఊరు విడిచి ఇక్కడికొచ్చి, ఇతరుల ఇళ్లకు రాళ్లు మోశాడు. నాయిన మునిసిపాలిటీ నీళ్ల పైపుల పనిలో చేరి అందులోనే రిటైరయ్యాడు. నీళ్లతో మా వంశానికి మిగిలిన బంధుత్వం ఆ పైపులే. జన్మలో ఒక్క చేపనైనా నీళ్లలోంచి బయటికి తీసిన మనిషి కాదాయన. తెలిసిందల్లా బజారులో మావుషి అని పిలిచే ఒకే కోలీ ఆవిడ దగ్గర ముప్పై ఏళ్లు బేరమాడి, ఆమె తిట్లతో పాటు నేర్చుకున్నది. పాప్లెట్, సుర్మయీ, బాంగ్డా, బొంబిల్. అన్నీ సముద్రపు చేపలే.

ఇందులో ఏదో తేడా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. చేప చేపే కదా అనుకున్నాం.

మా అమ్మ సంగతి వేరు. ఆమె పదహారేళ్లకు పెళ్లయి కృష్ణ ఒడ్డు పల్లె నుంచి నేరుగా ఈ చాల్లోకి వచ్చింది. వచ్చిన వారానికే నాయిన బొంబిల్ చేపలు తెచ్చాడట. బొంబిల్ ఎంత తాజాగా ఉన్నా పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంటుంది. అమ్మ వాటిని ముట్టుకుని, కుళ్లిపోయాయనుకుని, మొత్తం తీసుకెళ్లి చెత్తడబ్బాలో పారేసింది. అంతే. ఆ ఒక్క పనితో చేపల విషయంలో ఆమె నోరు యాభై ఏళ్లపాటు మూతపడింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, గణపతి మండపం దగ్గర నాయిన ఆ కథ చెప్పేవాడు, చాల్ అంతా నవ్వేది, అమ్మ కూడా నవ్వేది. నేను నూరుసార్లు విన్నాను, నూరుసార్లూ నవ్వాను. బెస్తింట్లో పుట్టి చేపలు తెలియని ఆడది అని ఆమెకు పేరు స్థిరపడిపోయింది. చేపలు కొనడం నాయిన పని, వండటం ఆమె పని.

నేను నాగ్‌పాడాలో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్ని. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా చదివాను గనుక ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. నా కూతురికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. కోపమొస్తే మరాఠీలోకి వెళ్లిపోతుంది. దానికి కోపం తరచుగానే వస్తుంది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై, కులం కోటాలో ఫార్మసీలో సీటు తెచ్చుకుంది. మా ఇంట్లో మొదటి కాలేజీ సీటు అది. నాయిన గల్లీ అంతా పేడాలు పంచాడు. పంచిన రెండు రోజులకు కాలేజీ నుంచి కబురొచ్చింది: మీ దగ్గరున్న కులపత్రం సరిపోదు, అది నిజమైనదేనని ఇంకో పత్రం కావాలి, గడువులోగా తేకపోతే సీటు పోతుంది.

మంచిదే, తెద్దాం అనుకున్నాం. నిజమైన బెస్తవాళ్లకు నిజం రుజువు చేసుకోవడం ఎంతసేపు? కానీ పాత కాగితాలు తీస్తే మా దగ్గర ఉన్నవన్నిటిలోకీ పాతది నాయిన బడి సర్టిఫికెట్. అందులో కులమనే గడిలో ఎవరో గుండ్రటి అక్షరాలతో 'కామాటి' అని రాసి పెట్టారు. అప్పట్లో కూలిపనికి వచ్చిన తెలుగువాడెవడైనా కామాటియే. మా పేటకు పేరు పెట్టిన మాటనే మాకు కులంగా కూడా పెట్టేశారు. ఒక కాగితంలో కామాటి, ఇంకో కాగితంలో బెస్త. ఏది నిజమో తేల్చడానికి ఆఫీసు నుంచి ఒక అధికారి ఇంటికే వచ్చి, మీ కులవృత్తి గురించి, ఆచారాల గురించి అడుగుతాడని చెప్పారు. అంటే మాకు చేపలు తెలుసని తేలితే పిల్ల కాలేజీకి పోతుంది. తెలియవని తేలితే ఇంట్లో కూర్చుంటుంది.

నాయిన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "గింతేనా? చాపల గురించి నన్ను అడుగుతడా? రానీ."

మా కుల సంఘం కార్యదర్శి మా పై అంతస్తులోనే ఉంటాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు. జరగబోయే ప్రతి ప్రమాదానికీ ఆయన దగ్గర ఒక ఫారం ఉంటుంది. విషయం తెలియగానే మా ఇంట్లో సాయంకాలం క్లాసులు మొదలుపెట్టాడు. నాయిన చెబుతాడు, మేం నేర్చుకుంటాం. పౌర్ణమి ముందు ఏ చేప దొరుకుతుంది, తుపాను గాలికి ఏది లోతుకు పోతుంది, పాప్లెట్ కంటికీ హల్వా చేప కంటికీ తేడా ఏమిటి. నేను వర్క్‌షాపు నుంచి వచ్చి ముఖం కడుక్కుని కూర్చుని ఇవన్నీ బట్టీ పట్టేవాణ్ని. నా కూతురికి తాత పాఠం మీద నమ్మకం కుదరక, ఫోన్లో వెతికి మంచినీటి చేపల శాస్త్రీయ నామాలు ఒక నోటుబుక్కులో రాసుకుంది. లేబియో రోహిటా, కట్లా కట్లా అని బాత్రూమ్‌లో కూడా వల్లించేది. బాత్రూమ్ బయట వరసలో నిలబడ్డవాళ్లకు కూడా అవి వచ్చేశాయి.

అమ్మను ఎవరూ క్లాసులోకి పిలవలేదు. ఆమె టీ పోసేది. ఒకసారి గిన్నెలు సర్దుతూ, "మా దిక్కు గిట్ల కాదు" అని ఏదో అనబోయింది. కార్యదర్శి చెయ్యెత్తి ఆపాడు. "అక్కా, నువ్వు ఆ రోజు ఏం మాట్లాడకు. సాబ్ ముందు బొంబిల్ ముచ్చట ఒకటి బయటవడ్డదనుకో, మొత్తం ఖతం." అందరం నవ్వాం. ఆమె గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

అధికారి వచ్చే ముందురోజు కార్యదర్శికి ఇంకో ఆలోచన వచ్చింది. బెస్తవాళ్ల ఇంట్లో వల లేకపోతే ఎట్లా? గోడకు ఒక వల వేలాడాలి, పాతదిగా కనిపించాలి. మా చాల్లో, పక్క చాల్లో, గల్లీ చివరిదాకా వెతికినా బెస్తవాళ్ల ఇళ్లు పదకొండు తేలాయి గానీ ఒక్క వల తేల్లేదు. చివరికి ఆయనే ఎక్కడినుంచో సన్నటి నైలాన్ వల ఒకటి పట్టుకొచ్చాడు. దాన్ని టీ నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, పాతదాన్ని చేశాం. మా దేవుడి పటం పక్కన మేకులకు తగిలిస్తే నిజంగానే ఘనంగా కనిపించింది. నాయిన దాని ముందు నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు.

అధికారి వానలో గొడుగు ముడుచుకుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి, నిదానస్తుడు. రెయిన్‌కోటు విప్పగానే మెడలో తులసిపూసల దండ కనిపించింది. పండరిపురం నడిచి వెళ్లే భక్తుడు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మనిషన్న మాట. మేం చేపలవాళ్లమో కాదో ఆయన తేల్చాలి. బల్ల మీద మేం ప్రత్యేకంగా ఐసులో పెట్టి ఉంచిన సుర్మయీ చేపను చూసి కుర్చీని కొద్దిగా కిటికీ వైపు జరుపుకున్నాడు. ఆయన దగ్గరున్న ఫైలులో, అంతకుముందు మా కులం వాళ్ల దగ్గర వేరేచోట్ల రాసుకున్న వివరాలు ఉన్నాయి. మేం చెప్పేవి వాటితో కలుస్తాయా లేదా చూస్తాడు. అంతా మరాఠీలోనే నడిచింది.

మొదటి ప్రశ్న నాయినకే. "మీ పూర్వీకులు ఏ చేపలు పట్టేవారు?"

నాయిన గొంతు సవరించుకున్నాడు. "పాప్లెట్ సాబ్. ఒకటా రెండా! సుర్మయీ, రావస్. మా తాత బాంగ్డాలు బుట్టలకొద్దీ తెచ్చేవాడు."

అధికారి రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు. "మీ ఊరు మహబూబ్‌నగర్ జిల్లా కదా?"

"హో సాబ్."

"అక్కడ సముద్రం ఎటువైపు ఉంది?"

ఆ ప్రశ్నకు మా ఇంట్లో నిజంగానే ఎవరూ తయారుగా లేరు. నాయిన కిటికీలోంచి బయటికి చూశాడు, సముద్రం అటువైపే ఉందన్నట్టు. కార్యదర్శి అడ్డం పడి, నదిలోకి కూడా అప్పుడప్పుడూ పాప్లెట్ ఎక్కి వస్తుంది సాహెబ్ అన్నాడు. అధికారి ఆ మాట కూడా రాసుకున్నాడు. ఆయన రాసుకునేకొద్దీ నాకు భయం పెరిగింది.

"చేపలు పట్టడం ఎప్పుడు మొదలుపెడతారు? దానికి పూజ ఏమైనా ఉందా?"

"నారళీ పున్నమికి సాబ్" అన్నాడు నాయిన, ఈసారి ధైర్యంగా. "సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి, పడవలు దింపుతాం."

"అది కోలీల పండగ" అన్నాడు అధికారి మెల్లగా. "మీరు కోలీలా? అయితే అర్జీ వేరే పెట్టుకోవాలి."

ఆ తర్వాత నా కూతురిని అడిగాడు. అది కళ్లు మూసుకుని లేబియో రోహిటా నుంచి ఒక్క తప్పూ లేకుండా పద్దెనిమిది పేర్లు అప్పజెప్పింది. ఆయన ముచ్చటపడ్డాడు. "బాగా చదువుతావమ్మా. అయితే ఇవి కాలేజీ పుస్తకంలో ఉంటాయి. మీ ఇంట్లో వీటిని ఏమంటారు?" అది నావైపు చూసింది. నేను నాయిన వైపు చూశాను. నాయిన సుర్మయీ వైపు చూశాడు.

అధికారి లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. వలను వేళ్లతో పట్టి చూశాడు. కార్యదర్శి దాని చరిత్ర మొదలుపెట్టాడు, మూడు తరాల కిందటిదని. అధికారి ఓపికగా విని, "మా ఇంటి బాల్కనీకి కూడా ఇదే కట్టించాను. పావురాలు రాకుండా" అన్నాడు.

ఐసు కరిగి బల్ల మీంచి చుక్కలు పడుతున్నాయి. నాకు నా కూతురి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. సీటు పోయిందని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అది కూడా అబద్ధమాడినందుకు కాదు. మేం నిజంగానే బెస్తవాళ్లం, ఆ నిజాన్నే అబద్ధంలా కనిపించేట్టు కష్టపడి తయారు చేశాం. మాకు మేమే ఇంత చెడ్డ సాక్షులమవుతామని ఎవరైనా ముందే చెబితే నేను నమ్మేవాణ్ని కాదు.

అధికారి మళ్లీ కూర్చుని ఫైలు తిప్పాడు. వదిలెయ్యడానికి ముందు చివరిసారి అడిగినట్టు, "కొర్రమట్ట అనే చేప ఉంటుందట మీవైపు. అది గుడ్లు ఎక్కడ పెడుతుంది?" అన్నాడు.

నాయిన ఇంకా ఓడిపోవడానికి ఒప్పుకోలేదు. "ఒడ్డున సాబ్. ఇసుకలో."

"ఉసికెల యాడ పెడ్తది నీ బొంద!" అంది వంటగది గుమ్మంలోంచి అమ్మ. "గదేమన్న తాబేలా?"

అధికారి తలెత్తాడు. "ఆజీ కాయ్ మ్హణాల్యా?" ఆజీ, అంటే నాయనమ్మ, ఏమందని ఆయన నన్ను అడిగాడు. కార్యదర్శి ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. నేను ఉన్నదున్నట్టు మరాఠీలో చెప్పాను. పోవాల్సింది ఎట్లాగూ పోయింది, ఇంకా దాచేదేముంది?

ఆయన ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. చేతిలో టీ ట్రే పట్టుకునే, గుమ్మానికి ఆనుకుని చెప్పింది. ఆమెకు మరాఠీ కొంత అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదు, ఒక్కో ముక్క తెలుగులో చెబితే నా కూతురు మరాఠీ చేసింది.

"గడ్డిల జాగ జేసుకుంటది సాబ్. గడ్డిని చుట్టూ నూకి నడుమ నీళ్లు సాపు చేస్తది. గుడ్లు మీదనే తేల్తయి. ఆడిది మొగది రెండు కాపలుంటయి. పిల్లలు సన్నగ, ఎర్రగుంటయి. వేల పిల్లలు ఒక్క ముద్దగ తిరుగుతయి, నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు కనవడ్తది. గది ఏడుంటే దాని కింద తల్లి ఉంటది."

అధికారి పెన్ను వేగంగా కదిలింది. ఆయన ముఖంలో ఒక మెత్తదనం వచ్చింది. "అప్పుడు మీవాళ్లు దాన్ని పట్టరు కదా? పిల్లలతో ఉన్న తల్లిని వదిలేస్తారు కదా?"

"హో సాహెబ్, వదిలేస్తాం" అన్నాడు కార్యదర్శి ప్రాణం లేచొచ్చినట్టు. "మా కులంలో అది మహాపాపం."

"ఎవరు చెప్పిన్రు?" అంది అమ్మ. "గప్పుడే పడ్తరు. వేరే దినాలల్ల అది మనిషికి చిక్కదు. పిల్లలున్నప్పుడు ఆకలికి రాదు, కోపానికొస్తది. కొక్కేనికి కప్పను గుచ్చి పిల్లల నడుమ ఆడిస్తె ఎగిరి పట్టుకుంటది. మా నాయిన గట్లనే పట్టెటోడు. తల్లిని తీసినంక పిల్లలు ఎంతసేపుంటయి? ఉన్న చాపలన్నీ వచ్చి మింగుతయి. మా అవ్వ తిట్టేది. తిట్టుకుంటనే వండేది. మేం తింటుంటిమి."

నా కూతురు ఆ చివరి మాటలు మరాఠీలో చెప్పడానికి కొంచెం తడబడింది. అధికారి తులసిపూసలు సవరించుకున్నాడు. వల వాడేవారు కాదా అని అడిగాడు.

"వల యాడిది? చెరువును గుత్తకిచ్చిన్రు. గుత్తేదారు మనుషులు కట్ట మీద కూసునెటోళ్లు. వల చేతిల కనవడ్డదా, గుంజుకొని చింపెటోళ్లు. గందుకె మా నాయిన దారం, కొక్కెం బొడ్ల చెక్కుకొని, చెంబు పట్టుకొని పోయెటోడు, చెరువు దిక్కుకు దొడ్డికి పోయినట్టు. వల ఉన్నోడు గుత్తేదారు సాబ్. బెస్తోని తాన ఏముంటది?" గోడ మీది పావురాల జాలీ వైపు ఆమె ఒకసారి చూసింది.

ఎండాకాలం చెరువు ఎండితే బురదలో చేతులు పెట్టి వెతికేవాళ్లట. కాళ్లతో తడిమితే ఏ చేపో తెలిసేదట. రవ్వ అయితే ఉలిక్కిపడి పారిపోతుంది, జెల్ల అయితే కదలదు, ముల్లు లేపి కూర్చుంటుంది. ఆమె ట్రే కింద పెట్టి కుడి అరచెయ్యి చూపించింది. బొటనవేలి కింద తెల్లటి మచ్చ. తొమ్మిదేళ్లప్పుడు జెల్ల గుచ్చిందట, మూడు రోజులు జ్వరమట. ఆ మచ్చ నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ చేత్తోనే ఆమె నాకు అన్నం తినిపించింది. పొయ్యి దగ్గర కాలిన మచ్చ అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. ఆఫీసు మనిషి ముందు కూర్చుని మా అమ్మ గురించి తెలుసుకుంటున్నందుకు నాకు సిగ్గేసింది, పరాయివాడికి ఆమె చెబుతుంటే అసూయ కూడా కలిగింది.

అధికారి రెండు పేజీలు రాశాడు. రాసి, పెన్ను మూసి, చాలా మర్యాదగా ఒక మాటన్నాడు. "ఇదంతా అమ్మగారి పుట్టింటి సంగతి. కులం తండ్రి వైపు నుంచి చూడాలి. ఈమె తండ్రి బెస్త అని నేను నమ్ముతాను. ఈమె భర్త బెస్త అని దీన్నిబట్టి ఎట్లా తేల్చను?"

అది న్యాయమే. నా కూతురికి తాత ముఖ్యం, ఆ తాత పాప్లెట్లు పట్టిన మహబూబ్‌నగర్ వాడు. నాయిన నేలచూపులు చూస్తున్నాడు. అమ్మకు ఆ మాట మరాఠీ నుంచి తెలుగులోకి వచ్చేసరికి కోపం కూడా వచ్చింది.

"తేల్చకుంటనే నన్నిచ్చిన్రా? బొంబాయోళ్లంటే మా నాయినకు నమ్మకమే లేకుండె. ఎవల్లో ఏమో, కులం మార్చుకున్నరేమో అని మా మేనమామలను ఇద్దర్ని గిక్కడికి పంపిండు. వాళ్లు వీళ్ల కాయితాలు చూడలే, గోడలు చూడలే. ఒక చాప తెచ్చి మా అత్త ముందట పెట్టిన్రు, కొయ్యమన్నరు. ఆమె వాళ్లతోని ముచ్చట పెట్టుకుంటనే, చాప దిక్కు చూడకుండనే, బూడిద అద్ది, పొట్ట చీరి, చేదుతిత్తి పలగకుండ రెండువేళ్లతోని తీసి అవతల పెట్టింది. మా మేనమామలు గప్పుడే లేచిన్రు. ఇంక ఏం అడగలే. చేతికి తెలుసు, నేర్పితె వచ్చేది కాదని ఊరికొచ్చి చెప్పిన్రు."

"ఆ అత్తగారు అంటే, ఈయన తల్లి?" అన్నాడు అధికారి, నాయినను చూపిస్తూ.

"మరి? ఈనకు రాలేదు గానీ, ఈనను కన్నామెకు వచ్చు."

అధికారి మూసిన పెన్ను మళ్లీ తెరిచాడు. వెళ్లేముందు టీ పూర్తిగా తాగి, అమ్మకు దండం పెట్టాడు. నాయినకు కూడా పెట్టాడు, కొంచెం తేలికగా.

ఆ తర్వాత పది రోజులు మా గ్యాలరీలో కుర్చీ కనిపించలేదు. చేపలు కొన్న ఆడవాళ్లు సంచీలతో వచ్చి, ఖాళీ చోటు చూసి నిలబడిపోయేవారు. నాయిన లోపల మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తుండేవాడు. "ఆమెకు చూపియ్యుండ్రి" అనేవాడు. ఒకావిడ నిజంగానే పాప్లెట్ తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "నాకు సముద్రం చాపలు తెల్వదవ్వా. గవన్నీ మా ఆయినకే ఎరుక" అని గట్టిగా, మంచం దాకా వినిపించేట్టు చెప్పింది. మర్నాడు కుర్చీ మళ్లీ బయటికొచ్చింది. ఆమె దయతో అన్నదో, నిజంగానే తెలియక అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. బొంబిల్ కథ మాత్రం నాయిన ఆ తర్వాత చెప్పలేదు.

గడువుకు నాలుగు రోజుల ముందు పత్రం వచ్చింది. దానితో పాటు అధికారి రాసిన నివేదిక నకలు, మేం అర్జీతో పెట్టిన కాగితాలు అన్నీ ముద్రలు పడి ఒక్క కట్టగా వచ్చాయి. నా కూతురు నడి ఇంట్లో నిలబడి నివేదికను మరాఠీలో చదివి, ఆజీ కోసం తెలుగులో చెప్పింది. అర్జీదారు తాత చెప్పిన వివరాలు కులవృత్తితో కలవలేదు. నాయనమ్మ చెప్పినవి పూర్తిగా కలిశాయి. తాత తల్లి నైపుణ్యాన్ని స్వయంగా పరీక్షించిన మీదటే బెస్త కుటుంబం ఈ ఇంటికి పిల్లనిచ్చింది. కనుక అర్జీదారు బెస్త అన్న మాట నిజమే. అంటే మా నాయిన పెళ్లాన్ని బట్టీ, తల్లిని బట్టీ బెస్త అయ్యాడు. ఆయన రెండోసారి చదివించుకుని విన్నాడు. "సీటొచ్చింది గద, గంతే సాలు" అన్నాడు. కార్యదర్శి పేడాలు తెచ్చి, మొదటి పేడా తన నోట్లోనే పెట్టుకున్నాడు.

అమ్మ చేతులు తుడుచుకుని వచ్చి ఆ కట్టను ముట్టుకుంది. ఆమెకు చదువు రాదు. "నా పేరేడున్నది? చూపియ్యి" అంది మనవరాలితో.

పిల్ల నివేదికంతా వెతికింది. అందులో 'అర్జీదారు నాయనమ్మ' అని ఉంది, పేరు లేదు. పత్రంలో దాని పేరు, నా పేరు ఉన్నాయి. చివరికి కట్ట అడుగున ఉన్న వంశవృక్షం తీసింది. అందులో మా ముత్తాత, ఆయన కింద తాత, ఆయన కింద నాయిన, ఆయన కింద నేను, నా కింద నా కూతురు. ఒక్కో పేరు చుట్టూ చక్కటి గడి. మా అమ్మ లేదు. చేప కోసి కులాన్ని నిలబెట్టిన నాయనమ్మా లేదు. ఇందుకు ఆఫీసును అనడానికి కూడా వీల్లేదు. ఆ వంశవృక్షం గీసింది నేనే. ఒక ఆదివారం పొద్దున్న, స్కేలు పెట్టి, రెండు రంగుల పెన్నులతో మరీ గీశాను. ఆమె పక్కనే కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉంది.

"నీ పేరు లేదు ఆజీ" అంది పిల్ల చిన్నగా.

అమ్మ ఒక క్షణం ఆ గడుల వైపు చూసింది. "మంచిదే తియ్యి" అంది. "రేపు గీ కాయితం తప్పని తేలిందనుకో, మీరే జైలుకు పోతరు. నన్నెవడు పట్టుకోడు."

అందరూ పడీ పడీ నవ్వారు. నాయిన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జేబులోంచి పెన్ను తీసి, నాయిన గడి పక్కన కొంచెం ఖాళీ ఉంటే అక్కడ ఆమె పేరు రాయబోయాను.

నా కూతురు చెయ్యి పట్టుకుంది. "వద్దు పప్పా. ముద్ర పడ్డ కాయితం మీద ఏమన్న రాస్తె చెల్లదు."